ప్రేమని స్కేలు పెట్టి కొలిస్తే మన పెళ్లిళ్లు అందులో ఇముడుతాయా?

గోదారోడు: ఎలెయిన్ హాట్‌ఫీల్డ్ అని అమెరికా సోషల్ సైకాలజిస్ట్, కెరీర్ అంతా ప్రేమ మీదే. కంప్యూటర్ జోడీ కుదిర్చిందని చెప్పి, నిజానికి ఎవరికి పడితే వాళ్లని కలిపేసి మిన్నెసోటా స్టూడెంట్లని డాన్స్‌కి పంపారు, 1966లో పేపర్ వచ్చింది, మళ్లీ కలవాలనిపించింది దేన్ని బట్టీ అంటే అందాన్ని బట్టేనట. 1975లో ప్రాక్స్‌మైర్ అనే సెనేటర్ ప్రేమ రీసెర్చికి 84 వేల డాలర్లా అని గోల్డెన్ ఫ్లీస్ అనే దండగ అవార్డు పడేశాడు. అయినా ఆవిడ ఆగలేదు, హవాయి వెళ్లాక 1986లో పాషనేట్ లవ్ స్కేల్ తెచ్చింది, అంటే ప్రేమ ఎంత గాఢంగా ఉందో ప్రశ్నలతో కొలిచేది. ఆ కొలత మనకి సరిపోతుందంటారా?

మిరపకాయ్: సరిపోదు. 1995లో రాబర్ట్ లెవిన్ అనే సైకాలజిస్ట్ వాళ్లు 11 దేశాల కాలేజీ పిల్లల్ని అడిగారు, అన్నీ నచ్చి ప్రేమ ఒక్కటే లేకపోతే పెళ్లి చేసుకుంటావా అని. మనవాళ్లు 49 శాతం సరే అన్నారు, అమెరికాలో 3.5. అంటే మనకి ప్రేమ అక్కర్లేదనా? కాదు బాబూ, తర్వాత వస్తుందిలే అని.

కోడలుపిల్ల: ఆ "తర్వాత వస్తుందిలే" అన్నది మగాళ్ల మాట అండీ. 1982 జైపూర్ స్టడీ చూపిస్తారు కదా అందరూ, గుప్తా, సింగ్‌లది, పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందని. అది 50 జంటలే, అదీ ఒకే జంటని ఏళ్ల తరబడి చూసింది కాదు, ఏడాది వాళ్లని, పదేళ్ల వాళ్లని విడివిడిగా అడిగారు. పైగా పక్క గదిలో అత్తగారు ఉంటే ఏ కోడలు చెప్తుంది నిజం?

గోదారోడు: ఆ పాయింట్ ఒప్పుకుంటా. కానీ మనిషి తనని తాను ఎలా చూసుకుంటాడో తెలుసుకోడానికి "నేనెవరు" అన్నదానికి ఇరవై జవాబులు రాయించే టెస్ట్ ఉంది, 1954 నాటిది, సరదాకి మా నానమ్మ చేత చెప్పించా. ఫలానా వారి పెద్ద కోడల్ని, నలుగురి తల్లిని, మీ తాతకి పెళ్లాన్ని... పన్నెండు దాకా అన్నీ చుట్టరికాలే. పదమూడోది "నాకు కాఫీ అంటే ప్రాణం".

కోడలుపిల్ల: ఆ పదమూడోదాని మీద స్కేలు పెట్టమనండి మీ ప్రొఫెసర్లని. కాఫీ ఒక్కటే ఆవిడ సొంతంగా ఎంచుకున్నట్టుంది.

మిరపకాయ్: 😂 తాత వింటున్నాడా?