ఫ్లట్టర్‌లో కార్ట్ డేటా అన్ని స్క్రీన్లకీ ఎలా అందించాలి?

ప్రశ్న: ఫ్లట్టర్‌లో (మొబైల్ యాప్‌లు తయారుచేసే గూగుల్ టూల్‌కిట్) కిరాణా యాప్ చేస్తున్నాను. కార్ట్ లిస్టును గ్లోబల్ వేరియబుల్‌గా (కోడ్‌లో ఎక్కడినుంచైనా అందేలా) పెట్టాను. ఐటమ్ యాడ్ చేస్తే లిస్టులోకి వెళ్తోంది కానీ పైన బ్యాడ్జి మీద అంకె మారడం లేదు, వెనక్కి వెళ్లి మళ్లీ వస్తేనే మారుతోంది. ప్రొవైడర్ (తన కింద ఉన్న స్క్రీన్ భాగాలకి డేటా అందించే ప్యాకేజీ) పెట్టి చూస్తే హోమ్‌లో బాగానే ఉంది, చెకౌట్ స్క్రీన్ తెరవగానే ప్రొవైడర్ దొరకలేదని ఎర్రర్. డెమో దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: గ్లోబల్ వేరియబుల్ మారిందని ఫ్లట్టర్‌కి ఎవరూ చెప్పరు కదండీ, అందుకే బ్యాడ్జి కదలదు. కార్ట్‌ని ఛేంజ్‌నోటిఫైయర్ (మార్పుల్ని తెలియజేయగల) క్లాసులో పెట్టి, లిస్టు మారిన ప్రతిసారీ నోటిఫైలిజనర్స్ (మారిందని చెప్పే ఫంక్షన్) పిలవండి. ఇక ఎర్రర్ సంగతి: మీరు ప్రొవైడర్‌ని హోమ్ లోపల పెట్టి ఉంటారు. నావిగేటర్ (స్క్రీన్లు మార్చేది) తెరిచే కొత్త స్క్రీన్ హోమ్ కిందకి రాదు, దాని పక్కన వస్తుంది, కాబట్టి ప్రొవైడర్‌ని మెటీరియల్‌యాప్‌కి (అన్ని స్క్రీన్లనీ తనలో ఉంచుకునేది) పైన పెట్టాలి.

జవాబు: పైన చెప్పింది కరెక్ట్. బ్యాడ్జి దగ్గర వాచ్ (ఏ మార్పునైనా గమనించేది) బదులు సెలెక్ట్ (ఎంచుకున్న విలువనే గమనించేది) వాడి ఐటమ్స్ సంఖ్య ఒక్కటే తీసుకోండి, లేకపోతే కార్ట్‌లో ఏది మారినా ఆ విడ్జెట్ (స్క్రీన్ మీది భాగం) మళ్లీ బిల్డ్ అవుతుంది. లిస్టునే సెలెక్ట్ చేసి అదే లిస్టుకి యాడ్ చేస్తే మాత్రం మార్పు కనిపించదు, కొత్త లిస్టు ఇవ్వాలి. బటన్ నొక్కినప్పుడు రీడ్ (మార్పుల్ని గమనించకుండా ఒక్కసారి తీసుకునేది) చాలు.

జవాబు: లాగౌట్‌లో కార్ట్ ఖాళీ చేయడం మరిచిపోకండి, ఒకే ఫోన్‌లో ఇంకొకరు లాగిన్ అయితే పాతవాళ్ల సరుకులు కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌ని ఆండ్రాయిడ్ మూసేస్తే మెమరీలోదంతా పోతుంది, అందుకని కార్ట్‌ని ఫోన్‌లో సేవ్ కూడా చేయండి.

ప్రశ్న అడిగినవారు: ప్రొవైడర్‌ని పైకి మార్చగానే ఎర్రర్ పోయిందండీ, బ్యాడ్జి కూడా వెంటనే మారుతోంది. థాంక్స్, ఇక సేవ్ చేసే పని మొదలుపెడతాను.