ఐసు మిషన్ పలకను వదలడం లేదు, కారణం ఎవరైనా చెప్పగలరా?

బెజవాడ జ్యూస్ కొట్టు: ఉదయం 6 గంటల నుంచి మిషన్‌తో కుస్తీ పడుతున్నాను. ప్లేటు మీద ముక్కలు కట్టవలసింది పోయి, రెండు వేళ్ల మందాన ఒకే పలకగా పేరుకుంటోంది. గంట దాటినా డీఫ్రాస్ట్‌లోకి వెళ్లడం లేదు. గ్యాస్ అయిపోయిందని మెకానిక్ కొత్తగా నింపి వెళ్లాడు, అయినా మార్పు లేదు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. పలకను స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తున్నాను.

పాత కంప్రెసర్: గ్యాస్ అంటే పెట్రోలు కాదండీ, వాడేకొద్దీ అయిపోవడానికి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కడి నుంచి ప్లేటు వెనక గొట్టాల్లోకి మూసిన దారిలోనే తిరుగుతుంది కాబట్టి, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్లే; ఆ చోటు వెతకకుండా నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. అసలు గ్యాస్ తక్కువైతే ఐసు పలచగా, అక్కడక్కడా కడుతుంది గాని రెండు వేళ్ల మందాన కట్టదు.

సర్వీస్ మనిషి: నీళ్లు ఎక్కడివి?

మాటల మేస్త్రి: అది డీఫ్రాస్ట్ కాదు, హార్వెస్ట్ అనాలి. ఫ్రిజ్‌లో అక్కర్లేని మంచును కరిగించేది డీఫ్రాస్ట్. ఇక్కడ వేడి గ్యాస్‌ను ప్లేటు గొట్టాల్లోకి వదిలి, మనకు కావలసిన ఐసునే జారవిడుస్తారు.

బెజవాడ జ్యూస్ కొట్టు: పేరు ఏదైతేనేమండీ, పలక పడితే చాలు. నీళ్లకూ దీనికీ సంబంధమేమిటి? బోరు నీళ్లకు ప్లేటు తెల్లగా పొలుసు కడుతోందని నాలుగు రోజుల క్రితమే ఆర్‌ఓ పెట్టించాను.

సర్వీస్ మనిషి: ఈ మాట ముందే చెప్పవలసింది. ప్లేటు ముందు వేలాడే ప్రోబ్‌ను, అంటే సెన్సర్‌ను, ఐసు మీద జారే నీళ్లు తాకగానే, ఆ నీళ్ల గుండా కొద్దిపాటి కరెంటు పారి, మిషన్‌ను నడిపే కంట్రోల్ బోర్డు హార్వెస్ట్ మొదలుపెడుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు మరీ తక్కువైతే కరెంటు పారదు, బోర్డుకు కబురు అందదు. పలకను కరగనిచ్చి, ప్రోబ్ తుడిచి, కింది తొట్టిలో చిటికెడు ఉప్పు వేసి కొత్తగా నడపండి. వేళకు పడితే దోషం నీళ్లదే. ఆ విడత ఐసును పారబోసి, తొట్టి కడిగి, ఆర్‌ఓకు బైపాస్ పెట్టించి కొంత మామూలు నీరు కలపండి. స్క్రూడ్రైవర్ మానండి, నికెల్ పూత లేస్తుంది.

మాటల మేస్త్రి: ప్రోబ్ అన్నా చాలదు, థిక్‌నెస్ ప్రోబ్ అనాలి. నీటిమట్టానిది వేరే ఉంటుంది.

బెజవాడ జ్యూస్ కొట్టు: 20 నిమిషాల్లో పలక దబ్బున పడింది. ప్లంబర్‌ను పిలిచాను. థాంక్సండీ, కొట్టు తెరవాలి.

పాత కంప్రెసర్: అది సరేగాని, ఆ మెకానిక్ గ్యాస్‌ను తూకం వేసి నింపాడా, అందాజుగా నింపాడా? లోటు లేనిచోట అదనంగా ఎక్కిస్తే ఈ ఎండలకు ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ట్రిప్పవుతుంది. ఉన్నారా?