కాక్లియర్ ఇంప్లాంట్ లోపల బ్యాటరీ ఉంటుందా? అయిపోతే మళ్లీ ఆపరేషనా?

పాప నాన్న:
మా పాపకి రెండున్నరేళ్లు, పుట్టుకతోనే రెండు చెవులూ వినిపించవు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ కోసం, అంటే లోపలి చెవిలోని నరానికి కరెంటు సంకేతాలిచ్చి వినిపించేలా చేసే పరికరం కోసం, పరీక్షలన్నీ అయ్యాయి. మా నాన్నకి పేస్‌మేకర్ ఉంది, బ్యాటరీ అయిపోయిందని పోయినేడు మళ్లీ కోసి మార్చారు. అప్పట్నుంచీ మా అమ్మ ఒకటే గోల, పసిదానికి తలలో పెట్టి పదేళ్లకోసారి కోస్తూనే ఉంటారా అని. డాక్టర్‌గారు "ఆ అవసరం రాదు" అన్నారు గానీ ఎందుకు రాదో అడిగేలోపే తర్వాతి పేషెంట్ వచ్చేశారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఈసీఈ బ్యాక్‌బెంచర్:
అన్నా, లోపల బ్యాటరీయే ఉండదు. అది చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్‌లో ఉంటుంది. అక్కణ్నుంచి చిన్న వైరు, దాని చివర బిళ్లలాంటి కాయిల్, మధ్యలో అయస్కాంతం. చర్మం కింద కూడా ఒక కాయిల్, ఒక అయస్కాంతం. రెండూ ఎదురెదురుగా అతుక్కుంటాయి, మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల చర్మం, అంతే. న్యూక్లియస్ అనే రకంలో బయటి కాయిల్ కరెంటు సెకనుకి 50 లక్షల సార్లు ఊగుతుంది, ఆ ఊపుకి లోపలి కాయిల్‌లో కరెంటు పుడుతుంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే, ఇనుప కోర్ లేదు గానీ. నాకు భలే నచ్చేది ఏంటంటే శబ్దం సమాచారం కూడా అదే తరంగం మీద ఎక్కి వెళ్తుంది, లోపలి చెవిలో నరానికి కరెంటు అందించే 22 ఎలక్ట్రోడ్లలో దేనికి ఎంత ఇవ్వాలో కోడ్‌గా. లోపలి చిప్ తిరిగి జవాబూ పంపుతుంది. మ్యాపింగ్‌లో, అంటే ప్రాసెసర్‌ని పాపకి తగ్గట్టు సర్దేటప్పుడు, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) చూసే ఇంపిడెన్స్ అంకెలు (ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి ఎంత అడ్డు ఉందో) అవే. అలాగని లోపలిది ఎప్పటికీ చెడిపోదని కాదు, చెడితే మార్చాల్సిందే. బ్యాటరీ కోసం మాత్రం కోయరు.

పాప నాన్న:
థాంక్స్ తమ్ముడూ. మరి నాన్నకీ అలాంటిదే పెట్టొచ్చుగా?

పాత టెక్నీషియన్:
కాయిల్ జారిపోతే చెవి కాసేపు ఆగుతుంది బాబూ, గుండె ఆగితే? నిజానికి 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే పేషెంట్‌కి ఒంటి లోపల పెట్టిన మొట్టమొదటి పేస్‌మేకర్‌ని బయటి నుంచి కాయిల్‌తోనే చార్జ్ చేసేవాళ్లు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది, ఆయన మాత్రం ఇంకా పాతిక మార్పించుకుని 2001 దాకా బతికారు. తర్వాత ఏళ్ల తరబడి నడిచే లిథియం బ్యాటరీలు వచ్చాయి, ఇక చార్జింగ్ గొడవ ఎవరికి కావాలి? అన్నట్టు మీ నాన్నగారిని అయస్కాంతం ఉన్న ఫోను చొక్కా జేబులో పెట్టుకోవద్దనండి.

బుజ్జిగాడి అమ్మ:
మావాడికి పెట్టి నాలుగేళ్లయింది. అండీ, మీ టెన్షన్ అంతా బయటి భాగం మీద పెట్టండి. వైరు తెగుతుంది, చెమట పడుతుంది, చొక్కా విప్పేటప్పుడు కాయిల్ ఊడిపోతుంది. అయస్కాంతం బలం ఎక్కువైతే అక్కడ చర్మం కందిపోతుంది, రోజూ చూసుకోవాలి. ఎప్పుడైనా ఎంఆర్‌ఐ అంటే ముందే చెప్పాలి. రాత్రి తీసేస్తే ఏమీ వినిపించదు, పిలిచి లాభం లేదు, తట్టి లేపాలి. మావాడైతే పగలు కూడా, హోంవర్క్ అన్న మాట పూర్తయ్యేలోపే కాయిల్ పీకేస్తాడు.