ఓబరాల్ప్ కనుమ, కాన్‌స్టన్స్ సరస్సు సైకిల్ యాత్ర: ఎటు నుంచి మొదలుపెట్టాలి?

నీలిచక్రం:
సెప్టెంబరులో ఏడు రోజుల సెలవు దొరికింది. అక్కా నేనూ సైకిళ్ల మీద ఆల్ప్స్ వైపు వెళ్లాలని చాలా కాలంగా అనుకుంటున్నాం. జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డునున్న కోన్‌స్టాంజ్ ఊళ్లో మొదలుపెట్టి, సరస్సు చుట్టి, తర్వాత రైన్ నది వెంట ఎక్కుతూ, ఓబరాల్ప్ కనుమ దాటి స్విట్జర్లాండులోని ఆండెర్మట్ చేరాలని ఒక చిత్తు ప్రణాళిక రాసుకున్నాను. రోజుకు డెబ్బై కిలోమీటర్లు. అక్కకు యాభై రెండేళ్లు. చదును దారిలో నలభై కిలోమీటర్లు హాయిగా తొక్కుతుంది, కొండదారి మాత్రం అలవాటు లేదు. సరస్సూ కావాలి, కొండలూ కావాలి, కానీ ఆమెకు ఇది శిక్షలా అనిపించకూడదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.

కనుమదారి:
మీ ప్రణాళికను తలకిందులు చేయండి. సరస్సు సముద్రమట్టానికి 395 మీటర్ల ఎత్తున ఉంటే ఓబరాల్ప్ కనుమ 2,044 మీటర్ల ఎత్తున ఉంది. మీరు రాసుకున్నట్టు వెళ్తే ఆ ఎత్తంతా సామానుతో ఎక్కాలి, అదీ చివరి రోజుల్లో, కాళ్లు అలిసిపోయాక. పై నుంచి బయలుదేరితే నది మీ పక్కనే దిగుతూ వస్తుంది. స్విట్జర్లాండు జాతీయ సైకిల్ మార్గాల్లో ఇది రెండో నంబరు. ఎర్ర బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ, దాంతో పాటు 2 అంకె కనిపిస్తుంటే దారి తప్పనట్టే.

ఆండెర్మట్ 1,444 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కనుమకు సుమారు పదకొండు కిలోమీటర్లు, ఆరు వందల మీటర్ల ఎక్కుడు. ఆ దారిన, పళ్లచక్రంతో పట్టా పట్టుకుని కొండెక్కే రైలు సైకిళ్లను కూడా తీసుకెళ్తుంది. అక్కను రైలెక్కించి మీరు తొక్కుకుంటూ వెళ్లండి. కనుమ మీద ఎర్రటి లైట్‌హౌస్ ఒకటి ఉంటుంది. రైన్ సముద్రంలో కలిసే చోట, నెదర్లాండ్స్‌లో ఉండిన లైట్‌హౌస్‌కు అది నమూనా. దాని దగ్గర కలుసుకోండి. నదికి ఆ చివర ఉండాల్సింది ఈ చివర మంచుగాలిలో నిలబడి ఉంటే చూడటానికి ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను.

మజిలీ:
దిశ విషయంలో కనుమదారి గారి మాటే నాదీ. కానీ దిగడం తేలిక అని అక్కగారికి చెప్పకండి. నేను మొదటిసారి దిగినప్పుడు భయంతో రెండు బ్రేకులూ వదలకుండా పట్టుకున్నాను. సెద్రున్ ఊరు వచ్చేసరికి వెనక బ్రేకు డిస్కు నుంచి కాలిన వాసన, లివరు నొక్కితే పిడికి ఆనుకునేదాకా వస్తోంది. సైకిల్ ఆపి రోడ్డు పక్క గడ్డిలో కూర్చుంటే, నిమిషం పాటు నా వేళ్లు విచ్చుకోలేదు. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించుకోవాలి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. అలా వదిలినప్పుడే డిస్కు చల్లబడుతుంది. బయలుదేరే ముందు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించండి. అవి కుదురుకోవడానికి ఇంటి దగ్గరే రెండు మూడు రోజులు తొక్కండి.

ఇంకొకటి చలి. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, దానికి దిగుడు వేగంలో తగిలే గాలి తోడవుతుంది. గాలి చొరబడని జాకెట్టు, నిండు చేతితొడుగులు సంచి అడుగున కాదు, పైనే ఉండాలి.

ఏటిగట్టు:
ఎవరూ గాలి మాట ఎత్తలేదు. ఈ యాత్రలో నన్ను బాగా ఏడిపించింది అదే.

ఎండ కాసే రోజుల్లో లోయ వేడెక్కి, మధ్యాహ్నం నుంచి గాలి కింది నుంచి పైకి వీస్తుంది. అంటే సరస్సు వైపు దిగేవాళ్లకు ఎదురుగాలి. సార్గాన్స్ ఊరు దాటాక దారి రైన్ కరకట్ట మీద తిన్నగా సాగుతుంది, నీడ దాదాపు ఉండదు. మేము భోజనం చేసి తీరిగ్గా ఒంటిగంటకు బయలుదేరాం. చదును నేల మీద గంటకు పదకొండు కిలోమీటర్లు! ముందున్న వంతెన ఎంతకీ దగ్గరకు రాదు. మర్నాడు ఉదయం ఏడుకే ఎక్కాం. నీళ్ల మీద అల కూడా లేదు, పది గంటలకల్లా నలభై కిలోమీటర్లు అయిపోయాయి. కాబట్టి కరకట్ట మీది రెండు రోజులూ తెల్లవారుజామునే బయలుదేరండి, మధ్యాహ్నానికి దిగిపోండి.

దక్షిణం నుంచి ఫ్యోన్ (Föhn) అనే వెచ్చని గాలి వీస్తే మాత్రం అది మీ వెనక నుంచి తోస్తుంది. ఆ రోజు కొండలు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా కనిపిస్తాయి. అది ఆగగానే తరచుగా వాన వస్తుంది, వానకోటు సిద్ధంగా పెట్టుకోండి.

ఆ కట్ట మీద విసుగొస్తే సేవెలెన్ దగ్గర కుడికి తిరగండి. 135 మీటర్ల పాత చెక్క వంతెన, పైన కప్పు, లోపల చీకటి, పలకల కింద నది హోరు. అవతలి ఒడ్డు లీక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశం.

నీలిచక్రం:
చాలా మంచి మాటలు చెప్పారు. తలకిందులు చేసేశాను. ఇంకో సందేహం: ఇలాంట్స్ ఊరి నుంచి కూర్ పట్టణం వరకు నది దిగుతుంటే మార్గం మాత్రం వెర్సాం ఊరి మీదుగా పైకి ఎక్కుతోంది. ఎందుకని? రైల్లో దాటేయవచ్చా?

కనుమదారి:
దాటేయవచ్చు. ఇలాంట్స్ 700 మీటర్ల దగ్గర ఉంటే వెర్సాం 900 మీటర్ల పైన ఉంది. సామానుతో ఆ ఎక్కుడు అక్కగారికి కష్టమే. రైలు లోయ అడుగునే నది పక్కన వెళ్తుంది, ఆ దృశ్యమూ తక్కువది కాదు.

మజిలీ:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. దయచేసి దాటేయకండి. దాదాపు పది వేల ఏళ్ల కిందట ఫ్లిమ్స్ దగ్గర ఒక కొండ పక్క మొత్తం విరిగిపడి రైన్‌కు అడ్డం పడింది. నది ఆ రాళ్ల గుట్టను కోసుకుంటూ దారి చేసుకుంది. అలా తయారైనదే రుయినౌల్టా లోయ. అడుగున రైలు పట్టాలకూ కాలిబాటకూ తప్ప రోడ్డుకు చోటు లేదు, అందుకే సైకిల్ దారి అంచు మీదికి ఎక్కుతుంది. పైనుంచి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లటి గోడలు, కింద పచ్చటి నీరు, దాని పక్కన బొమ్మలాంటి ఎర్ర రైలు. రోడ్డు సన్నది, కార్లు తక్కువ.

ఎక్కలేని చోట దిగి నెట్టుకుంటూ నడవడంలో నామోషీ ఏముంది? నేనూ నడిచాను. ఆ రోజుకు ఇరవై కిలోమీటర్లే పెట్టుకోండి, వెర్సాంలో ఆగిపోండి. అయితే గేర్లు చూసుకోండి: గొలుసు తిరిగే పళ్లచక్రాల్లో, ముందు పెడళ్ల దగ్గరి చిన్నదాని పళ్ల కంటే వెనక పెద్దదాని పళ్లు ఎక్కువ ఉండాలి. అలా లేకపోతే సంచులతో ఈ దారికి రావద్దు.

ఒడ్డునే:
కొండల సంగతి పెద్దలు చెప్పారు, నేను సరస్సు గురించి చెబుతాను. చుట్టూ పూర్తి చుట్టు సుమారు 260 కిలోమీటర్లు. మీకు అంత సమయం లేదు, అక్కరా లేదు. స్విస్ ఒడ్డునున్న రోర్షాఖ్ నుంచి రోమాన్స్‌హోర్న్ మీదుగా కోన్‌స్టాంజ్ వెళ్లి, అక్కడ మేర్స్‌బుర్గ్ ఫెర్రీ ఎక్కండి. రాత్రింబవళ్లు తిరుగుతుంది, పావుగంటలో అవతలి ఒడ్డు. అక్కడి నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్, లిండావ్, బ్రెగెంజ్. ఇలా గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తే నీళ్లు ఎప్పుడూ మీ కుడి పక్కన, అంటే మీరు తొక్కే పక్కనే ఉంటాయి.

చాలామంది స్విస్ ఒడ్డు చూసి వెనుదిరుగుతారు. అది పొరపాటు. ఆ ఒడ్డున ఆల్ప్స్ మీ వీపు వెనక ఉంటాయి. ఉత్తరపు ఒడ్డున ద్రాక్షతోటల మధ్య తొక్కుతూ కుడివైపు చూస్తే నీళ్లకు అవతల 2,502 మీటర్ల సెంటిస్ శిఖరం. లిండావ్ రేవులో సాయంత్రం తప్పకుండా కూర్చోండి.

ఒడ్డున నారింజ రంగు దీపాలు మిణుకుతుంటాయి. నిమిషానికి నలభై సార్లు వెలిగితే బలమైన గాలి రావచ్చని, తొంభై సార్లయితే తుఫాను గాలి దగ్గరలో ఉందని పడవలకు హెచ్చరిక. మనకూ అదే హెచ్చరిక అనుకోండి, నేను రెండుసార్లు వాటిని చూసే ఆగి వాన తప్పించుకున్నాను.

ఆదివారం స్విట్జర్లాండు, జర్మనీ, ఆస్ట్రియా మూడు దేశాల్లోనూ దుకాణాలు చాలా వరకు మూసి ఉంటాయి, శనివారమే తిండి కొనుక్కోండి. మీ ఫోన్ సిమ్ ఐరోపా సమాఖ్యది అయితే స్విట్జర్లాండు అందులో లేదని గుర్తుంచుకోండి, మ్యాపు ముందే దించుకోండి.

నీలిచక్రం:
ఇదీ ఇప్పటి లెక్క. మొదటి రోజు కనుమ నుంచి డిసెంటిస్, రెండో రోజు ఇలాంట్స్, మూడో రోజు వెర్సాం మీదుగా కూర్, నాలుగో రోజు బుక్స్ ఊరు, అయిదో రోజు రోర్షాఖ్, ఆరో రోజు కోన్‌స్టాంజ్, ఏడో రోజు ఫెర్రీ దాటి లిండావ్. వెర్సాంలో ఆగితే ఒక రోజు తక్కువ పడుతుంది కాబట్టి, అక్క ఓపిక చూసి చివర్లో కోన్‌స్టాంజ్ నుంచి రైలెక్కుతాం. రుయినౌల్టా ఫొటో చూపించాను. "నెట్టుకుంటూనైనా వస్తాను, ఇది మాత్రం వదలొద్దు" అంది. ఇంటర్‌సిటీ రైళ్లలో సైకిలుకు టికెట్టుతో పాటు చోటూ ముందే రిజర్వు చేయాలట, ఈ రాత్రే ఆ పని చేస్తాను. దారిలో మంచినీళ్ల సంగతి?

ఏటిగట్టు:
స్విస్ ఊళ్లలో దాదాపు ప్రతి కూడలిలో రాతి తొట్టి, దానిలోకి ధారగా పడే నీళ్లు ఉంటాయి. తాగవచ్చు, చాలా చల్లగా ఉంటాయి. "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసి ఉంటే మాత్రం తాగే నీళ్లు కావని అర్థం. కరకట్ట ఎక్కే ముందు సీసాలు రెండూ నింపుకోండి. కట్ట మీద నీళ్లు దొరకవు.