తమ్ముడు సర్ఫింగ్ కోసం డల్లాస్ వదిలి హొనొలులు పోతానంటున్నాడు: ఆపాలా, పొమ్మనాలా?

పటమట అన్న:
అందరికీ నమస్తే. మాది విజయవాడ, పటమట. మా తమ్ముడికి 33 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా డల్లాస్‌లో ఉంటున్నాడు. హెచ్‌1బి, గ్రీన్‌కార్డు లైన్లో ఉంది. భార్య, ఐదేళ్ళ పాప. ఇంజనీరింగ్ విశాఖలో చదివేటప్పుడు ఋషికొండలో సర్ఫింగ్ పిచ్చి పట్టింది. చదువుతో పాటే అదీ అయిపోయిందనుకున్నాం. అవలేదు. ఇప్పుడు హవాయిలోని ఓహూ దీవికి, అంటే హొనొలులు ఉన్న దీవికి, కాపురం మార్చేస్తాడట. కంపెనీ ఇంటి నుంచి పని చేసుకోమంది, జీతం అదే. "అన్నయ్యా, మోకాళ్ళు బాగున్నప్పుడే కదా" అంటాడు.

ఆదివారం వీడియోకాల్‌లో నాన్న అరిచిన అరుపులకి పక్కవాటా వాళ్ళు తలుపు కొట్టారు. అమ్మ మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫోన్ నాన్న చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఎటూ తేలట్లేదు. లెక్కలు తెలిసినవాళ్ళు, అక్కడ ఉండొచ్చినవాళ్ళు చెప్పండి. తిట్టాలనుకుంటే తిట్టండి కూడా.

మిర్చి యార్డు:
సముద్రమే కావాలంటే మనకి సూర్యలంక లేదా అన్నా? గుంటూరులో పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరితే ఎండ ముదరకముందే నీళ్ళలో ఉంటాం. ఖర్చు పెట్రోలూ, మొక్కజొన్న పొత్తులూ. బల్ల మీద నిలబడటానికి అంత దూరం పోవాలా!

ఉప్పునీళ్ళు:
మిర్చి యార్డు అన్నా, నాదీ గుంటూరే, సూర్యలంక నాకూ తెలుసు. నేను వెళ్ళిన ప్రతిసారీ అక్కడ అల ఒడ్డు దాకా వచ్చి ఒక్కసారిగా కుప్పకూలింది. సర్ఫింగ్‌కి అలా కూలితే కుదరదు. ఒక చివర విరగడం మొదలై పక్కకి విచ్చుకుంటూ పోవాలి, దాని ముందు మనం జారాలి. పైగా లోపలికి లాగే ప్రవాహాలకి సూర్యలంకలో ఎంతమంది పిల్లలు పోయారో మనకి తెలియంది కాదు.

నేను మనోవాలో, అంటే హవాయి యూనివర్సిటీలో, ఎం.ఎస్. చేసి తర్వాత రెండేళ్ళు హొనొలులులోనే ఉద్యోగం చేశాను. రాత్రికి తీరిగ్గా రాస్తా.

బ్రాడీపేట 4/14:
ఆయన రాసేలోపు లెక్క చూద్దాం. వృత్తిరీత్యా పన్నుల పని నాది, భావావేశం తక్కువ.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. హవాయిలో ఉంది, పై శ్లాబు 11 శాతం దాకా పోతుంది. అంటే జీతం అదే అన్న మాట మొదటి నెలలోనే అబద్ధమైపోతుంది. అమ్మకాల మీద ఓహూలో 4.5 శాతం వేస్తారు. చూడటానికి తక్కువే, కానీ బియ్యం, పాలు, కూరగాయల మీద కూడా పడుతుంది. టెక్సాస్‌లో వాటికి పన్నే లేదు. కరెంటు అమెరికా మొత్తంలో అక్కడే ఖరీదు, దేశ సగటుకి రెండు రెట్లు పైమాటే, ఎందుకంటే ఎక్కువ భాగం ఓడల్లో తెచ్చిన చమురు మండించి తీస్తారు. ఆ ఓడల సంగతి ఇంకోటి. 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకి సరుకు మోయాలంటే అమెరికాలో కట్టిన, అమెరికా వాళ్ళదైన ఓడే ఉండాలి. ఉన్నవే కొన్ని ఓడలు, కిరాయి వాళ్ళు చెప్పిందే. ఓహూలో విడి ఇల్లు కొనాలంటే మధ్యస్థ ధర 2021లోనే పది లక్షల డాలర్లు దాటింది.

ఇక వీసా. కంపెనీ సరే అంటే సరిపోదండీ. హెచ్‌1బి మీద ఉన్నవాడు వేరే నగర ప్రాంతానికి మారితే, ఇంట్లో కూర్చుని పని చేసినా సరే, ముందు వీసా పిటిషన్‌లో మార్పుకి, అంటే అమెండ్‌మెంట్‌కి, దరఖాస్తు వేయాలి. గ్రీన్‌కార్డు ఫైలు డల్లాస్ ఉద్యోగం పేరు మీద ఉంటే లాయర్ని అడక్కుండా సూట్‌కేసు కూడా సర్దొద్దు. మీ తమ్ముడు అడిగాడా?

పటమట అన్న:
ఇప్పుడే ఫోన్ చేశా. "అడుగుతాలే అన్నయ్యా" అన్నాడు. అడగలేదన్నమాట.

ఉప్పునీళ్ళు:
బ్రాడీపేట గారి లెక్క తప్పు కాదు, సగం లెక్క. ఇంటిపన్ను రేటు హవాయిలో అమెరికా మొత్తంలోకీ తక్కువ, టెక్సాస్‌లో బాదుడు. 1974 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది: వారానికి ఇరవై గంటలు పనిచేసే ఉద్యోగికి కంపెనీ ఆరోగ్య బీమా ఇచ్చి తీరాలి. చలికాలం హీటర్ బిల్లు లేదు.

టైమ్ సంగతి ఎవరూ చెప్పలేదు. డల్లాస్ తొమ్మిది నుంచి ఐదు అంటే హొనొలులులో చలికాలం పొద్దున ఐదు నుంచి ఒంటిగంట. వేసవిలో నాలుగు నుంచి పన్నెండు. మధ్యాహ్న భోజనానికి లాప్‌టాప్ మూసేసి సముద్రంలోకి నడిచిపోవచ్చు. ఇది మాత్రం ఎవరికైనా అసూయ పుట్టే టైంటేబుల్.

ఋషికొండ కుర్రాడు:
మీరు మర్చిపోయింది ఒకటుంది. సర్ఫింగ్‌కి పొద్దున్నే మంచిది, గాలి లేవకముందు నీళ్ళు నున్నగా ఉంటాయి. ఆ టైమ్‌లో వాళ్ళ తమ్ముడు మీటింగులో ఉంటాడు.

ఉప్పునీళ్ళు:
మన తీరానికి అది నిజం. హొనొలులులోని వైకీకీ బీచ్ దీవికి దక్షిణపు ఒడ్డు తమ్ముడూ, అక్కడ ఎక్కువ రోజులు వీచేది ఈశాన్యపు గాలి. అంటే నేల మీద నుంచి సముద్రంలోకి. అల ముఖాన్ని చెడగొట్టదు, నిలబెడుతుంది. మధ్యాహ్నమైనా ఆడుకోవచ్చు.

కానీ నెలలు చూసుకోవాలి. వైకీకీ వైపు మంచి అలలు వేసవిలో, దక్షిణార్ధగోళం తుఫానుల పుణ్యమా అని వస్తాయి. ఉత్తరపు ఒడ్డు, ఆ ఫొటోల్లో కనపడే ఇరవై, ముప్ఫై అడుగుల గోడలు, చలికాలం. పైప్‌లైన్ అనే చోట నీళ్ళ కింద పగడపు రాయి మోకాల్లోతున వచ్చేస్తుంది. ఋషికొండలో నేర్చుకున్నవాడు అక్కడికి పోయేది చూడ్డానికే. నేనూ రెండు చలికాలాలు ఒడ్డున కూర్చుని చూశా.

ఇక నా సంగతి. మొదటి ఏడాది వైకీకీకి దగ్గర్లో ఒక్క గది, నెలకి పందొమ్మిది వందలు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ ఏసీ డబ్బా. వారానికి ఐదు రోజులు నీళ్ళలో ఉన్నా. నిలబడటానికి నాకు మూడు వారాలు పట్టింది. చేతులతో తెడ్డేసి తెడ్డేసి భుజాలు పడిపోయేవి, అన్నం ముద్ద నోటి దాకా ఎత్తడం కష్టమయ్యేది. ఒకరోజు వెనక నుంచి అల బోర్డుని ఎత్తింది, లేచాను, పడలేదు. ఒక పది సెకన్లు ఉంటుందేమో. పక్కన అరవై దాటిన ముసలాయన, ఎప్పుడూ పలకరించని మనిషి, తలూపాడు. అంతే. ఆ పది సెకన్ల గురించి మా ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

రెండో ఏడాది అద్దె పెంచారు. లోపలికి, పెర్ల్ సిటీ వైపు మారాను. ఆ హైవే మీద సాయంత్రం ట్రాఫిక్ బెంజి సర్కిల్‌కి అన్నయ్య. నీళ్ళ దగ్గరికి చేరేసరికి చీకటి. వారానికి ఐదు రోజులు కాస్తా శనాదివారాలయ్యాయి, తర్వాత నెలకి రెండుసార్లు. బోర్డు తలుపు వెనకాల నిలబెట్టి ఉండేది. కాలు జారకుండా దాని మీద రుద్దిన మైనానికి దుమ్ము పట్టి నల్లబడిపోయింది. గ్యాలన్ పాలు ఎనిమిది డాలర్లు పెట్టి కొన్నప్పుడు కూడా అంత బాధ అనిపించలేదు, ఆ నల్లటి మైనం గోకుతుంటే అనిపించింది. ఖరీదైన దీవి డబ్బు ఒక్కటే తీసుకోదు. డబ్బు చాలక మనం ఒడ్డుకి దూరం జరుగుతాం, ఎందుకొచ్చామో ఆ పొద్దే పోతుంది.

అయినా పొమ్మనే అంటాను. ఒడ్డుకి నడిచి వెళ్ళే దూరంలో అద్దె కట్టగలిగితేనే. లేకపోతే డల్లాస్‌లోనే ఉండమను.

మిర్చి యార్డు:
అన్నేళ్ళు ఉండి వెనక్కొచ్చి, ఇంకొకళ్ళని మాత్రం పొమ్మంటున్నావు. బాగుంది!

కోడలుపిల్ల:
ఇంతసేపూ చదివాను. అలలు, గాలి, పన్ను, మైనం అన్నీ వచ్చాయి. ఆ అమ్మాయి ఏమంటోందో ఒక్కరూ అడగలేదు.

నేనూ హెచ్4 మీద, అంటే భర్త వీసా మీద ఆధారపడి, ఉండొచ్చినదాన్నే. ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకి సముద్రంలోకి పోతాడు సరే, స్కూల్ నుంచి పాపని తెచ్చేదెవరు? డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు వీధికో పదిమంది ఉంటారు. నాకు జ్వరమొస్తే చారు పెట్టిచ్చింది పక్కింటి నెల్లూరు అక్క. హొనొలులులో ఆ అక్కని ఎక్కడ వెతుక్కోవాలి? దగ్గర్లో ఇంకో పెద్ద నగరం కూడా లేదు, అసలు అమెరికా గడ్డ చేరాలంటే విమానంలో ఐదు గంటలు.

పటమట అన్న:
మీరు అడిగింది న్యాయం. మరదలు వాట్సాప్‌లో రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నా: "బావగారూ, నాకు సముద్రం ఇష్టమే. మీ తమ్ముడు శనివారాలు యూట్యూబ్‌లో అలలు చూస్తూ గోడవైపు తిరిగి పడుకోవడం కన్నా నయం కదా. కాకపోతే నా ఉద్యోగం సంగతి ఇంకా మాట్లాడుకోలేదు." ఆమెకి ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంది, డల్లాస్‌లో ఒక క్లినిక్‌లో బిల్లింగ్ పని. ఇంటి నుంచి కుదరదు.

కోడలుపిల్ల:
"ఇంకా మాట్లాడుకోలేదు." వీసా లాయర్ని అడగలేదు, భార్యనీ అడగలేదు. కంపెనీని మాత్రం అడిగాడు.

గవర్నర్‌పేట మాస్టారు:
నాది వేరే అభ్యంతరం. మనం ఇక్కడ "దీవి ఖరీదు" అంటున్నాం. ఆ ఖరీదు ఎవరి మీద పడుతోంది? హవాయి ఒకప్పుడు రాజ్యం. 1893లో రాణి లిలియుఒకలానిని దించేశారు, 1898లో అమెరికా కలిపేసుకుంది. అలల మీద ఆట వాళ్ళ పూర్వీకులది. దాన్ని లోకానికి చూపించిన డ్యూక్ కహానమోకు, 1912 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చినవాడు, అక్కడివాడే. 2020 జనాభా లెక్కల్లో హవాయి మూలవాసులు హవాయిలో కన్నా బయటే ఎక్కువమంది తేలారు. అద్దెలు భరించలేక లాస్ వేగాస్ పోతున్నారు, దాన్నే తొమ్మిదో దీవి అని పిలుచుకుంటున్నారు.

2015-16లో రాజధాని వస్తోందని హైదరాబాద్ నుంచి ఆఫీసులు దిగినప్పుడు మన విజయవాడలో ఏమైంది? మా పోర్షన్ అద్దె ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు చేశాడు ఓనరు. ఇరవై ఏళ్ళుగా ఉన్నవాళ్ళం, సామాను సర్దుకుని ఊరవతలికి పోయాం. వచ్చిన ఉద్యోగులు చెడ్డవాళ్ళేం కాదు, ఒకాయన నాకు స్నేహితుడు కూడా అయ్యాడు. కానీ వాళ్ళు రావడంవల్లే మేం పోయాం. బయటి జీతం పట్టుకుని ఆ దీవికి పోయేవాడు ఇది తెలిసి పోవాలి.

మిర్చి యార్డు:
మరి డల్లాస్ ఎవరిదండీ మాస్టారూ? అక్కడ ఇల్లు కొన్నప్పుడు అడగని ప్రశ్న బీచ్ దగ్గర ఎందుకు?

గవర్నర్‌పేట మాస్టారు:
అక్కడా అడగాల్సిందే. మీరన్నది ఒప్పుకుంటున్నాను. కానీ పదహారు వందల చదరపు కిలోమీటర్లు కూడా లేని ఓహూకీ టెక్సాస్‌కీ తేడా లేదా? చిన్న గిన్నెలో చారెడు ఉప్పు వేస్తే ఏమవుతుందో చూడండి.

ఉప్పునీళ్ళు:
మాస్టారితో ఏకీభవిస్తా. నీళ్ళలో కూడా ఇది తెలుస్తుంది. అక్కడివాళ్ళ వరస దాటి అల ఎక్కితే ఊరుకోరు. మన బావి దగ్గర బిందెల వరస లాంటిదే. వైకీకీలో డ్యూక్ విగ్రహం రోడ్డువైపు తిరిగి ఉంటుంది, సముద్రానికి వీపు. ఫొటోలకి బాగుంటుందని అలా పెట్టారు. సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టని మనిషిని అలా నిలబెట్టారని మా ప్రొఫెసర్ ఒకాయన ప్రతిసారీ సణిగేవాడు.

బ్రాడీపేట 4/14:
మధ్యేమార్గం ఉంది. డల్లాస్ నుంచి గంటన్నర పోతే వేకోలో మనుషులు కట్టిన అలల కొలను ఉంది. నెలకి రెండుసార్లు పోయినా హవాయి అద్దెలో ఎన్నో వంతు కాదు.

పటమట అన్న:
ఆ మాట చెప్పా. "అన్నయ్యా, కృష్ణలో ఈదినవాణ్ణి మున్సిపాలిటీ స్విమ్మింగ్‌పూల్‌కి పంపుతావా" అన్నాడు.

అందరి మాటలూ ప్రింట్ తీసి నాన్నకిచ్చా. బ్రాడీపేట గారి పోస్టు రెండుసార్లు చదివి "ఈయనెవరో బుద్ధిమంతుడు" అన్నారు. తమ్ముడు లాయర్తో టైమ్ తీసుకున్నాడు. అన్నీ వదిలేసి పోకుండా ముందు సెలవు పెట్టి రెండు వారాలు ముగ్గురూ వెళ్ళి, ఒడ్డుకి నడిచే దూరంలో అద్దెలు చూసి రమ్మని మరదలు షరతు పెట్టింది. ఆ తర్వాత సంగతి తేలలేదు, నాకూ తేలలేదు.

ఇంకోటి రాయాలి. నిన్న రాత్రి అమ్మ నోరు విప్పింది. అమ్మ పుట్టిల్లు నాగాయలంక. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకి పదకొండేళ్ళు. తాటిచెట్టంత నీళ్ళు అంటుంది. పది వేల మందికి పైగా పోయారు, అందులో మా చిన్నమ్మమ్మ కుటుంబం మొత్తం ఉంది. మేం చిన్నప్పుడు మంగినపూడి పోతే అమ్మ ఇసకలోకి కూడా దిగేది కాదు. కారులోనే కూర్చునేది. నిన్న నన్ను అడిగిందల్లా ఒకటే, ఆ దీవిలో నీళ్ళు వస్తుంటే ముందు ఎవరన్నా చెప్తారా అని.

ఉప్పునీళ్ళు:
అమ్మగారికి చెప్పండి అన్నా, చెప్తారు. సునామీ సైరన్లు ఉన్నాయి. ప్రతి నెలా మొదటి పనిరోజు పొద్దున 11.45కి దీవులన్నిటా ఒకేసారి మోగించి చూస్తారు. మొదటిసారి విని నేను మెట్ల మీద కూలబడ్డా. తర్వాత అలవాటైపోయింది, అది వింటే అద్దె కట్టే రోజొచ్చిందని గుర్తు.

గవర్నర్‌పేట మాస్టారు:
పూర్తిగా చెప్పాలి కదా. 2023 ఆగస్టులో హవాయిలోనే మౌయి అనే ఇంకో దీవిలో లహైనా ఊరు కాలిపోయి వంద మంది దాకా చనిపోయారు. అక్కడా సైరన్లున్నాయి. ఆ రోజు మోగించలేదు.

పటమట అన్న:
రెండూ చదివి వినిపించాను. దాచలేదు. అమ్మ కాసేపు చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. తర్వాత అడిగింది, అక్కడ 11.45 అంటే మనకెంత అని. లెక్క చూశా, మర్నాడు తెల్లవారుజాము 3.15.

వాళ్ళు ఆ రెండు వారాలకి వెళ్ళేది నెల మొదట్లో అయ్యేలా చూడమంది. ఆ రోజు తమ్ముణ్ణి ఫోన్ బాల్కనీలో పట్టుకుని నిలబడమని చెప్పాలట. నా ఫోన్లో 3.10కి అలారం పెట్టమంది.