హాల్లో టైల్స్ మారుస్తున్నాం, 3 అడుగుల అక్వేరియంను 20 రోజులు ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో హాలు, వంటగది నేల తవ్వించి కొత్త టైల్స్ వేయిస్తున్నాం. ఆ తర్వాత గోడలకు లప్పం పెట్టి రంగులు, చివర్లో తలుపులకు పాలిష్. అంతా కలిపి 20 రోజుల పని అని మేస్త్రీ చెప్పారు. పని మొదలవడానికి ఇంకా 3 వారాలుంది.

హాల్లో 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అక్వేరియం ఉంది. అందులో 4 ఏంజెల్ చేపలు, 6 విడో టెట్రాలు, 2 గౌరామీలు, జానెడు పొడవున్న సక్కర్ చేప. టాప్ ఫిల్టర్ వాడుతున్నాను. ఆరేళ్లుగా పెంచుకుంటున్న చేపలివి, ఒక్కటి పోయినా మనసు ఒప్పుకోదు. "నీళ్లు సగం తీసేస్తే నలుగురం కలిసి పడకగదిలోకి జరిపేస్తాం, పైన పరదా కప్పేయండి" అంటున్నారు పనివాళ్లు. అలా చేయవచ్చా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

సగం నీళ్లతో జరపనివ్వకండి. ముందు ఈ మాట పనివాళ్లకు చెప్పేయండి, మిగతాది తర్వాత ఆలోచిద్దాం.

మీ ట్యాంకు 4.5 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 127 లీటర్లు. పైన వదిలే ఖాళీ, కింద రాళ్లు పోను 105 నుంచి 110 లీటర్ల నీళ్లుంటాయి. రాళ్లు, అద్దం బరువు కూడా కలిపితే 150 కిలోలకు తక్కువ ఉండదు. సగం తీసినా 100 కిలోలు. ఎత్తినప్పుడు ఒక మూల రవ్వంత వంగినా ఆ బరువంతా అద్దాలను అతికించిన సిలికాన్ మీద పడుతుంది. ఆ క్షణంలో పగలకపోవచ్చు. పదిరోజుల తర్వాత అర్ధరాత్రి అతుకు వదిలి, కొత్త టైల్స్ మీద నీళ్లు పారతాయి. ట్యాంకును ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసి, రాళ్లు కూడా తీసేసి ఎత్తాలి.

పడకగది కూడా నాకు సమ్మతం కాదు. నేల తవ్వేటప్పుడు సుత్తి అదురు ఇల్లంతా పాకుతుంది. సిమెంటు దుమ్ములో సున్నం గుణం ఉంటుంది కాబట్టి అది నీళ్లలో పడితే పీహెచ్ (నీళ్ల పులుపు, సున్నం గుణాన్ని చెప్పే అంకె) పెరుగుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే చాలు, చేపల విసర్జనతో నీళ్లలో చేరే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది. ఇదంతా ఒక ఎత్తు, పాలిష్ ఒక ఎత్తు. థిన్నర్ వాసన గదిలో నిండితే గాలి పంపు ఆ గాలినే పీల్చి బుడగలుగా నీళ్లలోకి తోస్తుంది. మా ఇంట్లో ఐదేళ్ల కిందట ఇదే జరిగింది. అక్వేరియం మీద పరదా కప్పి, చేపలు భద్రమనుకున్నాం. పంపు మాత్రం పాలిష్ వేస్తున్న గదిలోనే నడుస్తోంది. తెల్లారేసరికి 7 గోల్డ్‌ఫిష్‌లు పైకి తేలాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక్కటి. నేల తవ్వినప్పుడు చెదల మందు కొట్టించమని ఎవరైనా అంటారు. ఆ మందుల్లో వాడే సైపర్‌మెత్రిన్, బైఫెన్‌త్రిన్ లాంటివి మనకు పెద్దగా హాని చేయని మోతాదులోనే చేపలను చంపేస్తాయి. అలాంటి ఆలోచన ఉంటే ఆ రోజు చేపలు ఆ ఇంటి కప్పు కిందే ఉండకూడదు.

కాబట్టి నా సలహా ఒక్కటే: పని మొదలవకముందే చేపలను వేరే ఇంటికి చేర్చండి, అన్నీ అయ్యాకే తీసుకురండి. అదే అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

ప్రశ్న అడిగినవారు

కింది అంతస్తులో మా అమ్మ స్నేహితురాలు ఉంటారు. పిన్నీ అని పిలుస్తాను. గది ఇస్తామన్నారు, ఇన్వర్టర్ కూడా ఉంది. కానీ టాప్ ఫిల్టర్ ట్యాంకు అంచు మీద కూర్చునేది కదా, టబ్బు మీద నిలవదు. చెదల మందు మాట మేస్త్రీ నిజంగానే అన్నారు. వద్దని చెప్పేశాను.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పిన్నిగారి ఇల్లుంటే సగం పని అయిపోయినట్టే. ఇన్వర్టర్ ఉండటం ఇంకా మంచిది.

ఫిల్టర్ సంగతి సరిగ్గా పట్టుకున్నారు, అసలు విషయమే అది. మనం కాపాడుకోవలసింది చేపలతో పాటు ఆ ఫిల్టర్ నురగలో ఉన్న ప్రాణాన్ని కూడా. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా నురగలోనూ కొంత రాళ్ల మీదా ఉంటుంది. అది కొత్తగా పెరగాలంటే 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీ పని 20 రోజులే. అంటే కొత్త ఫిల్టర్ పెట్టి టబ్బులో వేస్తే, అది పనిచేయడం మొదలుపెట్టే లోపే చేపలు తిరిగి వచ్చేస్తాయి. ఆ మధ్య కాలమంతా అవి తమ విషంలోనే ఈదుతాయి.

అందుకని రేపే ఒక స్పాంజ్ ఫిల్టర్ కొనండి. గాలి పంపుతో నడిచే రకం, ఖరీదు తక్కువ. దాన్ని ఇప్పుడే మీ పాత ట్యాంకులో వేసి నడపండి. ఈ 3 వారాల్లో బ్యాక్టీరియా దానికీ పట్టుకుంటుంది. తరలించే రోజున దాన్ని తీసి తడి ఆరకుండా టబ్బులో పెట్టండి. టాప్ ఫిల్టర్‌లోని నురగను కూడా ఒక వలసంచిలో కట్టి, బుడగలు తగిలేలా పక్కనే వేలాడదీయండి. నీళ్లు కదలకుండా ఆ నురగను ఎక్కడైనా మూసి ఉంచితే ఊపిరాడక కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది, తర్వాత కుళ్లిపోతుంది.

టబ్బు 100 లీటర్లది, వెడల్పు మూతి ఉన్నది తీసుకోండి. పొడుగు డ్రమ్ వద్దు. గాలి నీళ్లలో కలిసేది పైభాగం నుంచే, వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది. కొత్త టబ్బే కొనండి, సబ్బు తగలనివ్వకండి. పైన దోమతెర కట్టండి. భయపడిన చేప రాత్రిపూట గెంతుతుంది. గౌరామీలు పైకి వచ్చి గాలి పీల్చుకునే రకం కాబట్టి తెరకూ నీటికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. గాలి పంపును నీటి మట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వచ్చి పంపు పాడవుతుంది.

మరొకరు (రాజమహేంద్రవరం నుంచి)

ఇంత శ్రమ దేనికి, చేపలు కొన్న దుకాణంలో వదలవచ్చు కదా అని కొందరికి అనిపిస్తుంది. నేను అదే చేశాను. రెండు వారాలకు డబ్బు కట్టి ఒక దుకాణంలో ఉంచాను. తెచ్చుకున్న నాలుగో రోజుకు ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు. రోజూ కొత్త చేపలు వచ్చిపోయే చోట, ఒకే వల అన్ని ట్యాంకుల్లో తిరిగే చోట, రోగం అంటడానికి ఎంతసేపు? పిన్నిగారి ఇల్లే నయం.

తరలించే రోజు గురించి నా అనుభవం కూడా చెబుతాను. ముందురోజు మేత ఆపేయండి, దారిలో నీళ్లు పాడుకావు. ముందుగా పైనున్న తేట నీళ్లను సైఫన్‌తో టబ్బుకు చేర్చండి. సుమారు 70 లీటర్లు, సగం సగం బకెట్లతో. ఆ తర్వాత అలంకరణ రాళ్లు, కొమ్మలు తీసేయండి. ట్యాంకులో నీళ్లు జానెడు లోతుకు వచ్చాకే చేపలను పట్టండి. నిండు ట్యాంకులో వలతో వెంటాడితే ఏంజెల్ రెక్కలు చిరుగుతాయి. సక్కర్‌ను వలతో పట్టకండి, దాని ముళ్లు చిక్కుకుంటాయి. ఒక ప్లాస్టిక్ డబ్బాను ఎదురుగా పెట్టి మెల్లగా అందులోకి తోలాలి. అన్నిటినీ మూతున్న బకెట్లలో దింపండి, లిఫ్టులో ఒక్క నిమిషం పని.

రాళ్ల అడుగున ఏళ్లనాటి మడ్డి ఉంటుంది. చేపలు లోపలుండగా దాన్ని కెలకకూడదు. చేపలు వెళ్లాక రాళ్లు కడిగి ఆరబెట్టేయండి. 20 రోజులు బకెట్లో తడిగా మూసి ఉంచితే కుళ్లువాసన వస్తుంది. కావాలంటే రెండు గుప్పెళ్లు మాత్రం పాత నీళ్లలో జాడించి, వలసంచిలో వేసి టబ్బులో ఉంచండి.

ప్రశ్న అడిగినవారు (పని మొదలైన ఐదో రోజు)

మీరిద్దరూ చెప్పినట్టే చేశాం. నాలుగు రోజులు చేపలు హాయిగా ఉన్నాయి. ఈ ఉదయం అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నీళ్లు మసకబారాయి. పిన్నిని అడిగితే, పాపం ఆకలిగా ఉంటాయని రెండు పూటలా మేత వేశారట. నురగ నల్లగా ఉందని నిన్న టాప్ ఫిల్టర్ నురగను, స్పాంజ్‌ను రెండిటినీ కుళాయి కింద శుభ్రంగా ఉతికారట. ఆవిడ ప్రేమతో చేశారు, నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది. నీళ్లు పరీక్షించే కిట్‌తో చూస్తే అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము), పీహెచ్ 7.8 చూపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు (హైదరాబాద్ నుంచి)

కంగారు పడకండి, చేతిలో సమయం ఉంది. ఇప్పుడే సగం నీళ్లు మార్చండి. సగం మారిస్తే అమ్మోనియా కూడా సగానికి దిగుతుంది. అంతకన్నా తేలికైన మందు లేదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే పోయండి. నురగలో బ్యాక్టీరియాను చంపింది ఆ క్లోరినే. కొత్త నీళ్ల వేడి టబ్బు నీళ్లతో సమానంగా ఉండాలి. మార్చి నెల ఎండకు పైకప్పు ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కాలిపోతుంటాయి, ఉదయాన్నే పట్టుకోండి. నీళ్లు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా నిలిస్తే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. బుడగలు వదిలే గాలిరాయి కూడా ఒకటి వేయండి.

మేత మూడు రోజులు పూర్తిగా ఆపండి. పెద్ద చేపలు వారం పస్తున్నా తట్టుకుంటాయని పిన్నిగారికి చెప్పండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది. మేత డబ్బా మీ ఇంట్లో ఉంచుకుని, రోజు విడిచి రోజు చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి ఇవ్వండి. రేపటి నుంచి అమ్మోనియా 0.25 కిందికి వచ్చేవరకు రోజూ మూడోవంతు నీళ్లు మార్చండి. ఊళ్లో అక్వేరియం ఉన్న స్నేహితులుంటే, జబ్బుల్లేని ట్యాంకులోంచి వాడిన నురగ ముక్క ఒకటి అడిగి తెచ్చి వేయండి. నురగను ఇకమీదట కడగాల్సి వస్తే, బకెట్లోకి తీసిన టబ్బు నీళ్లలోనే రెండుసార్లు పిండాలి.

ప్రశ్న అడిగినవారు (25వ రోజు)

ఆ వారంలో ఒక విడో టెట్రా పోయింది. మిగతావన్నీ బాగున్నాయి. ఎనిమిదో రోజుకు అమ్మోనియా కిట్‌లో కనిపించకుండా పోయింది. ఇప్పుడు టైల్స్, రంగులు అయ్యాయి. పాలిష్ వేసి మూడు రోజులైంది, ఇంకా కొంచెం వాసన ఉంది. ట్యాంకు ఎప్పుడు నింపవచ్చు?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

ఆ ఒక్కదాని గురించి బాధగా ఉంది. మిగతా 12 నిలిచాయంటే మీరు రోజూ నీళ్లు మోసిన ఫలమే.

వాసన పూర్తిగా పోయేదాకా చేపలను తేవద్దు. తలుపులు మూసి రాత్రంతా ఉంచి, ఉదయం లోపలికి వెళ్లినప్పుడు ముక్కుకు ఏమీ తగలకూడదు. అప్పటిదాకా కిటికీలు తెరిచి ఉంచండి. ఈలోగా వేరే పని ఉంది. స్టాండు పెట్టే చోట టైల్స్‌ను నాణెంతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ పెట్టకండి, 150 కిలోలు నాలుగు కాళ్ల మీద పడితే ఆ టైల్ పగులుతుంది. టైల్స్ వేసి వారమైనా దాటి ఉండాలి. ట్యాంకు ఇన్నాళ్లు ఎండిపోయి ఉంది కాబట్టి ముందు బాల్కనీలో చదునైన చోట థర్మోకోల్ షీటు మీద పెట్టి, నీళ్లు నింపి, ఒక రోజు వదిలి చూడండి. పాత సిలికాన్ ఎండితే కొన్నిసార్లు కారుతుంది. అది హాల్లో కాక బాల్కనీలో తెలియడం మేలు. ఆ తర్వాత ఖాళీ చేసి లోపలికి తీసుకురండి, స్టాండు మీద కూడా థర్మోకోల్ వేయండి.

ప్రశ్న అడిగినవారు (31వ రోజు)

నిన్న సాయంత్రం చేపలు ఇంటికొచ్చాయి. ట్యాంకు కారలేదు. టబ్బు నీళ్లు సగం, కొత్త నీళ్లు సగం పోశాం. ఏంజెల్స్ ఒక గంట మూలన నిలబడి, తర్వాత తమ పాత చోటికే వెళ్లాయి. పిన్నిగారు వచ్చి చాలాసేపు చూసి వెళ్లారు. టాప్ ఫిల్టర్ మళ్లీ పెట్టేశాను. స్పాంజ్ ఫిల్టర్ చూడడానికి బాగాలేదు, తీసేయవచ్చా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

ఇంకో నెల ఉంచండి. కుళాయి కింద కడిగిన తర్వాత ఇన్నాళ్లూ టబ్బులో నడిచింది స్పాంజే, టాప్ ఫిల్టర్ నురగ పక్కన వేలాడిందంతే, రాళ్లు ఎండిపోయాయి. ఇప్పుడు ట్యాంకులో అమ్మోనియాను మార్చే పని ఎక్కువగా చేస్తున్నది ఆ స్పాంజే. వెనక మూలన, కొమ్మ చాటున పెడితే కనిపించదు. మేత మొదటి వారం రోజు విడిచి రోజు వేయండి, రెండు రోజులకోసారి అమ్మోనియా చూడండి. నెల తర్వాత కూడా పూర్తిగా తీసేయకుండా, పిన్నిగారికి చేపల మీద మనసైతే చిన్న ట్యాంకు పెట్టించి అందులో వేయండి. వాళ్లింట్లో మొదటి రోజు నుంచే పనిచేసే ఫిల్టర్ అవుతుంది.