బైబరీ ఇళ్ల రాతి పైకప్పు, మా తాండూరు ఇంటి గోడ

తాండూరు కోడలు, మలక్‌పేట:
నిరుడు ఇంగ్లండ్‌లో మా అమ్మాయి బైబరీ అనే ఊరికి తీసుకెళ్లి ఆర్లింగ్టన్ రో చూపించింది. ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా చిన్న చిన్న రాతి ఇళ్లు. 1380లో మఠం వాళ్లు ఉన్ని దాచుకోవడానికి కట్టిన కొట్టమట. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ఉన్న చిత్తడి నేల మీదే బట్ట ఆరేసేవాళ్లట. నేను మాత్రం కప్పు మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. పెంకులు కావు, అన్నీ రాతి పలకలే. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. అలా ఎందుకు పేరుస్తారు? వానకు కారదా?

ఇంకో సంగతి. తాండూరు దగ్గర మా అత్తగారిల్లు కూడా బండ గోడలదే. సందుల్లో సున్నం రాలుతోందని, సిమెంట్ కొట్టేద్దామంటున్నాడు మేస్త్రీ. ఒకటే టెన్షన్‌గా ఉంది.

సున్నం పని:
అమ్మా, గనిలో రాయి అంతా ఒకే సైజులో రాదు. ఏదీ పారేయకుండా పెద్దవి చూరుకు వాడితే బరువు నేరుగా గోడ మీద పడుతుంది, చిన్నవి కొప్పుకు సరిపోతాయి. పలకకు పైన చిల్లు పెట్టి, చెక్క మేకుతో బద్దకు తగిలించేవాళ్లు. వాలు బాగా ఎక్కువ, పైగా కింది వరుస సందుల్ని పై వరుస కప్పేస్తుంది. ఇక నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? ఆ పలకల్ని చీల్చింది కూడా చలే. తడి రాయిని చలికాలమంతా బయట ఉంచితే లోపలి నీళ్లు గడ్డకట్టి పొరలు విడిపోతాయి.

సిమెంట్ మాత్రం వద్దు. గోడలోకి దిగిన తడి సున్నం సందుల్లోంచే ఆరిపోతుంది. ఆ దారి మూస్తే ఇంట్లోకి ఊరుతుంది. మన కుతుబ్ షాహీ సమాధులకు కూడా ఒకప్పుడు పూసిన సిమెంట్‌ను చెక్కేసి మళ్లీ సున్నమే వేశారు.

వికారాబాద్ వాసి:
మా నాన్నగారింట్లో సిమెంట్ పెట్టించాం. రెండో వానాకాలానికే దేవుడి గూటి పక్కన గోడ ఉబ్బి, చేత్తో తాకితే పొట్టు రాలింది. పాత సున్నం ఉన్న వెనకగది ఇప్పటికీ పొడిగానే ఉంది.

తాండూరు కోడలు:
నిన్న ఊరెళ్లి సందులోంచి ఒక ముక్క తీశాను. వేళ్ల మధ్య నలిపితే పిండిలా అయింది, మధ్యలో గరుకు ఇసుక. బస్తాలు దించొద్దని మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పటికీ గానుగ సున్నం నూరేవాళ్లు అటువైపు ఎవరైనా ఉన్నారా అండీ?